వెన్ను చూపి పరుగెత్తేవాడిపై తూటా ఎప్పుడు?

2015 ఏప్రిల్ మొదటి వారం, ఉమ్మడి నల్లగొండ జిల్లా. 1వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో సూర్యాపేట బస్టాండులో బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్‌, ఒక హోంగార్డు చనిపోయారు, కాల్చినవాళ్లు పారిపోయారు. 4వ తేదీన జానకీపురం దగ్గర వాళ్లు పోలీసులకు ఎదురుపడ్డారు. ఆ కాల్పుల్లో వాళ్లిద్దరూ చనిపోయారు, ఇంకో కానిస్టేబుల్ ప్రాణం పోయింది. తీవ్రంగా గాయపడిన ఎస్సై సిద్ధయ్య 7న ఆసుపత్రిలో కన్నుమూశారు.

అదే 7న, అదే జిల్లాలోని ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఎస్కార్ట్ పోలీసుల తూటాలకు బలయ్యారు. ఆ ఉదయమే శేషాచలం అడవుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలను ఎర్రచందనం నరుకుతున్నారంటూ కాల్చి చంపారు.

ఈ మూడింటినీ మనం ఒకే పేరుతో పిలుస్తాం: ఎన్‌కౌంటర్. పత్రికలకు ఇచ్చిన ప్రకటనల్లోనూ ఒకే వరుస కనిపిస్తుంది. దాడి చేశారు, పారిపోబోయారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం. కానీ జానకీపురాన్నీ ఆలేరునూ ఒకే గాటన కట్టకూడదు. కడితే జానకీపురంలో ప్రాణాలొడ్డిన పోలీసులకూ అన్యాయమే, ఆలేరులో చనిపోయినవాళ్లకూ అన్యాయమే. రెంటినీ విడదీసే గీత ఎక్కడుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు చట్టం. పాత సీఆర్‌పీసీ (నేర విచారణ ప్రక్రియ స్మృతి) 46వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ అయింది. అరెస్టును బలవంతంగా ఎదిరించినా, తప్పించుకోబోయినా, పోలీసు అధికారి అరెస్టుకు అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చని రెండో ఉపసెక్షన్ చెబుతుంది. దానికి నాలుగో ఉపసెక్షన్ కళ్లెం వేస్తుంది: మరణశిక్షో యావజ్జీవమో పడదగ్గ నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కును ఈ సెక్షన్ ఇవ్వదు.

ఈ వాక్యాన్ని చాలామంది తిరగేసి చదువుతారు. యావజ్జీవం పడే కేసులో నిందితుడైతే చాలు, పారిపోతుంటే కాల్చేయొచ్చు అనుకుంటారు. వాక్యంలో అలా లేదు. అది ఒక తలుపు మూస్తోందే తప్ప ఇంకో తలుపు బార్లా తెరవడం లేదు. నిందితుడు హత్య కేసులో ఉన్నా సరే, 'అవసరమైన మార్గాలు' అన్న షరతు అలాగే నిలిచి ఉంటుంది. పట్టుకోవడానికి వేరే దారి ఉన్నప్పుడు కాల్పులు అవసరమైన మార్గం ఎలా అవుతాయి? పైగా ఆ సెక్షన్ ఉన్నది అరెస్టు కోసం. శవాన్ని ఎవరూ అరెస్టు చేయలేరు.

అసలు లోపం ఆ కళ్లెంలోనే ఉంది. అది శిక్షను కొలుస్తుంది, ప్రమాదాన్ని కొలవదు. శిక్షల పట్టిక పక్కన పెట్టుకుని చూడండి. వీలునామాకో, భూమి పత్రానికో దొంగ సంతకం చేస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 338 కింద యావజ్జీవం దాకా పడవచ్చు. దొంగనోట్లు అచ్చువేస్తే 178 కింద అంతే. ప్రభుత్వ ఉద్యోగి తన చేతికి అప్పగించిన సొమ్ము కాజేస్తే 316(5) కింద అంతే. మరి రాత్రిపూట రహదారి మీద కత్తి చూపించి, ఎవరినీ గాయపరచకుండా దోచుకున్నవాడికి? గరిష్ఠంగా 14 ఏళ్లు. మెడలో గొలుసు తెంపుకుని పారిపోయేవాడికి 304 కింద మూడేళ్లు. అంటే నాలుగో ఉపసెక్షన్ లెక్కలో దొంగ రిజిస్ట్రేషన్ చేసిన గుమస్తా కాల్పులకు గురికాగల వర్గంలో ఉన్నాడు, కత్తి పట్టుకుని తిరిగే దారిదోపిడీగాడు లేడు. రోడ్డు మీద నిలబడ్డ కానిస్టేబుల్‌కు ఈ కొలత ఎందుకు పనికొస్తుంది? ఎదురుగా పరుగెత్తేవాడి మీద ఏ సెక్షన్ పెట్టారో అతనికి చాలాసార్లు తెలియను కూడా తెలియదు.

ఇంత వంకర కొలత ఎక్కడి నుంచి వచ్చిందంటే, పాత ఇంగ్లిష్ న్యాయం నుంచి. ఆ కాలంలో పెద్ద నేరాలన్నిటికీ దాదాపుగా ఉరే శిక్ష. దొరికితే ఎలాగూ ఉరి తీసేవాడిని పారిపోతుండగా చంపితే పోయేదేమిటన్నది నాటి తర్కం. 1898 నాటి మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఇదే వాక్యం ఉంది, యావజ్జీవం ఉన్న చోట ద్వీపాంతరవాసం అని ఉండేది. ఉరిశిక్ష పడే నేరాలు ఇప్పుడు కొన్నే, అందులోనూ అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. తర్కం పునాది కదిలిపోయింది, వాక్యం మాత్రం మిగిలింది.

ఇదే పునాదిని అమెరికా సుప్రీంకోర్టు 1985లో ఒక కేసులో నేరుగా తవ్వి చూసింది. 1974 అక్టోబరు 3 రాత్రి, టెన్నెసీ రాష్ట్రం మెంఫిస్ నగరం. పక్కింట్లో దొంగ పడ్డాడని ఫోను వస్తే పోలీసులు వెళ్లారు. ఎల్టన్ హైమన్ అనే అధికారి ఇంటి వెనక్కి వెళ్లేసరికి ఒక కుర్రాడు పెరట్లో పరుగెత్తి ఆరడుగుల ఇనుపవల కంచె దగ్గర ఆగాడు. టార్చి వెలుగులో ముఖం, చేతులు కనిపించాయి. చేతుల్లో ఆయుధం లేదు. లేదనే తాను అనుకున్నానని హైమన్ తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు. పోలీస్, ఆగు అని అరిచాడు. కుర్రాడు కంచె ఎక్కడం మొదలుపెట్టాడు. దాటితే దొరకడని తల వెనక కాల్చాడు. చనిపోయిన ఎడ్వర్డ్ గార్నర్‌కు 15 ఏళ్లు. అతని దగ్గర దొరికింది ఆ ఇంట్లో తీసిన ఒక పర్సు, పది డాలర్లు.

హైమన్ రాష్ట్ర చట్టం దాటలేదు. పారిపోయినా, ఎదిరించినా అరెస్టుకు అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చని టెన్నెసీ చట్టం చెప్పేది. మన 43(2)లో ఉన్న మాటలే దాదాపుగా. ఆరుగురు న్యాయమూర్తులు, ముగ్గురి అసమ్మతి మధ్య, ఆ చట్టాన్ని ఆయుధం లేని, ప్రమాదం లేని మనిషికి వర్తింపజేయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. పారిపోయేవాడి వల్ల అధికారికో ఇతరులకో ప్రాణాపాయం, తీవ్ర గాయం జరిగే ముప్పు ఉందని నమ్మడానికి తగిన ఆధారం ఉండాలి. వీలున్న చోట ముందు హెచ్చరించాలి. ఇవి లేకపోతే తూటా లేదు. ఐక్యరాజ్యసమితి 1990లో హవానాలో ఆమోదించిన సూత్రాల్లో తొమ్మిదోది ఇంకో మెట్టు పైకి వెళ్లింది. చంపాలన్న ఉద్దేశంతో కాల్చడం ప్రాణం కాపాడటానికి మరో మార్గమే లేనప్పుడు మాత్రమే అన్నది.

నేను గీసే గీత కూడా అక్కడే. అతను నిన్న ఏం చేశాడన్నది కోర్టు చూసుకుంటుంది. తుపాకీ ఎత్తిన పోలీసు చూడాల్సింది వేరు: ఇతను ఇప్పుడు చేయి దాటిపోతే, మళ్లీ పట్టుకునేలోపు ఇంకొకరి ప్రాణం తీస్తాడా? అవునని చెప్పడానికి కళ్ల ముందు ఆధారం ఉందా? నిన్నటి నేరం ఆ ఆధారంలో ఒక భాగం కావచ్చు, అదే మొత్తం కాదు. భార్యను చంపి ఇంట్లోంచి ఖాళీ చేతులతో పారిపోతున్నవాడు ఘోరమైన నేరం చేశాడు. అతని పేరు, ఊరు, బంధువుల ఇళ్లు, ఫోన్ నంబరు అన్నీ పోలీసులకు తెలుసు. రేపు పట్టుకోవచ్చు. కాల్చకూడదు. ఎవరినీ ఇంకా చంపని ఒకడు నాటు తుపాకీ పట్టుకుని కాలుస్తూ సంతలోకి పరుగెత్తుతున్నాడు. అతను చేసిన నేరం శిక్ష ప్రకారం చిన్నదే కావచ్చు. కాల్చాలి.

జానకీపురం ఈ పరీక్షలో నిలుస్తుంది. వాళ్లు మూడు రోజుల ముందు ఇద్దరిని కాల్చి చంపారు, చేతిలో తుపాకులున్నాయి, ఎదురుపడ్డ పోలీసులపై మళ్లీ కాల్చారు. ఆగండి అని చెప్పి వదిలేస్తే తర్వాతి ఊళ్లో ఇంకో ప్రాణం పోయేది. 2008 నవంబరు 26 రాత్రి ముంబైలో గిర్గావ్ చౌపాటీ దగ్గర కూడా అంతే. ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో ప్రయాణికులను చంపి కారులో పారిపోతున్న ఇద్దరిని నాకాబందీ దగ్గర ఆపారు. ఒకడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. రెండోవాడు కసబ్. తుకారాం ఓంబ్లే అతని తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని వదల్లేదు, తూటాలన్నీ తన ఒంట్లోకి తీసుకున్నారు. కసబ్ ప్రాణాలతో చిక్కబట్టే ఆ కుట్ర ఎక్కడ పుట్టిందో, ఎవరు పంపారో కోర్టులో రుజువైంది. 2012 నవంబరు 21న ఉరి తీశారు. కాల్పులు పూర్తిగా సమర్థనీయమైన చోట కూడా ప్రాణాలతో పట్టుకోవడం వల్ల దర్యాప్తుకు ఎంత లాభమో దీనికంటే పెద్ద ఉదాహరణ ఇంకెక్కడా లేదు.

ఆలేరు ఏ పరీక్షకూ నిలవదు. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో ఖైదీలు చేతికి బేడీలతోనే, వ్యాను సీట్లలోనే పడి ఉన్నారు. ఒకడు తుపాకీ లాక్కోబోయాడన్నది పోలీసుల మాట. ఆ మాటే నిజమనుకుందాం. లాక్కోబోయిన ఒకడి నుంచి ముప్పు ఉంటే, సీటులో బేడీలతో కూర్చున్న మిగతా నలుగురి నుంచి వచ్చిన ముప్పేమిటి? ముప్పును మనిషి మనిషికీ విడివిడిగా చూపించాలి. ఒక తూటాకు కారణం చెబితే మిగతా తూటాలకు అదే చాలదు. శేషాచలంలోనూ ఇదే ప్రశ్న. చెట్టు నరకడం ఆనాటి అటవీ చట్టం కింద ఉరికో యావజ్జీవానికో తగిన నేరం కాదు కాబట్టి, పారిపోతుంటే చంపామని చెప్పే వీలే లేదు. మిగిలింది ఆత్మరక్షణ ఒక్కటే. దాన్ని 20 శవాలకు ఇరవైసార్లు రుజువు చేయాలి.

ఆత్మరక్షణ హక్కు న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. పోలీసుకైనా, కిరాణా కొట్టు యజమానికైనా అది ఒకటే. భయం మొదలైనప్పుడు ఆ హక్కు మొదలవుతుంది, భయం పోయినప్పుడు పోతుంది. రాయి విసిరినవాడు రాయి పడేసి వెనక్కి తిరిగి పరుగెత్తాడంటే, మామూలుగా అక్కడితో హక్కు ముగిసింది. 'దాడి చేసి పారిపోతుంటే ఆత్మరక్షణ కోసం కాల్చాం' అన్న వాక్యం తనకు తానే అడ్డం తిరుగుతుంది. దాడి చేస్తున్నాడా, పారిపోతున్నాడా? రెండూ ఒకే క్షణంలో జరగాలంటే వెనక్కి తిరిగి కాలుస్తూ పరుగెత్తాలి. అలా జరిగిందని ఎవరైనా చెబితే అతని ఖాళీ తూటా తొడుగులు దారి పొడవునా దొరకాలి.

ఇక్కడ 'కాలి మీద కాల్చొచ్చుగా' అన్న మాట తప్పకుండా వస్తుంది. దయతోనే అంటారు గానీ, తెలియక అనే మాట. తొడలో ఫీమరల్ ధమని, మోకాలి వెనక దాని కొనసాగింపు ఉంటాయి. అవి తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోయేంత రక్తం పోతుంది. పరుగెత్తేవాడు సెకనుకు ఐదారు మీటర్లు కదులుతాడు. కాళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంటాయి. పిస్టల్ పట్టుకున్న కానిస్టేబుల్ తానూ పరుగెత్తి ఆయాసపడుతుంటాడు. ఆ తూటా గురి తప్పి నేలకు తగిలి లేచి వెనక ఉన్న ఇంటి గోడలోకో, మనిషిలోకో పోతుంది. గాలిలోకి కాల్చిన తూటా కూడా ఎక్కడో దిగుతుంది. ఏకే-47 తూటా గొట్టం వదిలేటప్పుడు సెకనుకు 700 మీటర్ల వేగంతో ఉంటుంది, ఊరి మధ్య దాన్ని వాడటమంటే వీధి చివరి వరకూ బాధ్యత మోయడం. కాబట్టి కాలైనా, ఛాతీ అయినా తుపాకీ పేలిందంటే ప్రాణాంతక బలమే. పట్టపగలు కాలికి గురిపెట్టి కాల్చగలిగేంత తీరిక, దగ్గరితనం ఉన్నాయంటే, చాలాసార్లు కాల్చాల్సిన అవసరమే లేదని అర్థం. ఉత్తరప్రదేశ్‌లో నిందితులను మోకాలి కింద కాల్చడాన్ని జనం 'ఆపరేషన్ లంగడా' అని పిలిచేంతగా అది అలవాటైంది. మోకాలికి తూటా ఏ శిక్షాస్మృతిలోనూ లేని శిక్ష.

కాల్పుల తర్వాత జరిగేదే నిజాన్ని బతికిస్తుంది లేదా పాతిపెడుతుంది. దశాబ్దాలుగా నడిచిన పద్ధతి ఇది: చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెడతారు. నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తారు. కాల్చినవాడి ఆత్మరక్షణ వాదనను ఎవరూ పరీక్షించరు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఫిర్యాదుల మీద జాతీయ మానవహక్కుల కమిషన్ 1996 నవంబరులో ఈ పద్ధతిని తప్పుపట్టింది, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ లేఖ రాసింది. దేశమంతటి ఎన్‌కౌంటర్ నిబంధనలకు విత్తనం మన తెలుగు నేల మీది శవాల నుంచే పడింది. 2009 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం, కాల్చిన పోలీసులపై కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణను విచారణలో రుజువు చేసుకోవాలి అని తీర్పు ఇచ్చింది. దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. సమాచారం అందగానే రాతలో పెట్టాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. ఇద్దరు వైద్యులు పోస్ట్‌మార్టం చేయాలి, దాన్ని వీడియో తీయాలి. మెజిస్టీరియల్ విచారణ జరగాలి. ధైర్యసాహసాలు నిస్సందేహంగా రుజువయ్యేదాకా పతకాలు, ప్రత్యేక పదోన్నతులు ఇవ్వకూడదు. ఆ తర్వాత ఏడు నెలలు తిరక్కముందే ఆలేరు, శేషాచలం.

మార్గదర్శకాలు ఉన్నా ఎక్కడ జారిపోతాయంటే, మొదటి ఆరు గంటల్లో. తూటాల లెక్క తీసుకోండి. ఏ కానిస్టేబుల్‌కు ఏ నంబరు ఆయుధం, ఎన్ని రౌండ్లు ఇచ్చారో స్టేషన్ రిజిస్టరులో ఉంటుంది. మ్యాగజీన్‌లో ఎన్ని మిగిలాయో, నేల మీద ఎన్ని ఖాళీ తూటా తొడుగులు దొరికాయో లెక్క సరిపోవాలి. ఈ మూడింటినీ అదే రోజు, వేరే జిల్లా అధికారి చేతుల్లో సీలు చేయకపోతే తర్వాత ఏ లెక్కయినా సరిపెట్టవచ్చు. తొడుగు పడ్డ చోటు కాల్చినవాడు నిలబడ్డ చోటును చెబుతుంది, ఒకరు కాలితో తన్నితే ఆ సాక్ష్యం పోయింది. చనిపోయినవాడు కాల్చాడంటే చేతుల మీద తుపాకీ మందు అవశేషాలు వెతకాలి. అందుకు చేతులకు కాగితపు సంచులు కట్టాలి. ప్లాస్టిక్ కడితే లోపల తేమ పట్టి నమూనా పాడవుతుంది. తుపాకీని ఎవరి చేతుల మీదుగానో తెచ్చి బల్ల మీద పెట్టి ఫొటోలు తీస్తే వేలిముద్రలు ఇక ఎవరివో చెప్పలేం.

గాయం కూడా మాట్లాడుతుంది, తొందరపడి వినకూడదు. చర్మం చుట్టూ నల్లబారి మసి ఉంటే తుపాకీ కొన్ని అంగుళాల దూరంలోనే ఉంది. మందు చుక్కలు చర్మంలో గుచ్చుకుని ఉంటే రెండు మూడు అడుగుల లోపు. ఇరవై గజాల దూరం నుంచి ఎదురుకాల్పులు అన్నవాళ్లు ఈ మసికి సమాధానం చెప్పాలి. భుజంలోంచి దిగి నడుం వైపు పోయిన దారి కనిపిస్తే అతను కూర్చుని గానీ, వంగి గానీ, మోకాళ్ల మీద గానీ ఉన్నాడా అని అడగాలి. అయితే వీపులో తూటా ఉన్నంత మాత్రాన పోలీసు అబద్ధమాడినట్టు కాదు. ఎదురుగా తుపాకీ ఎత్తినవాడు వెనక్కి తిరగడానికి అర సెకను చాలు. కాల్చాలన్న నిర్ణయం వేలికి చేరి తూటా పేలేలోపు అతను తిరిగిపోవచ్చు. అలాగే ఛాతీలో తూటా ఉన్నంత మాత్రాన నిజమైన ఎదురుకాల్పులనీ కాదు. అన్నిటినీ కలిపి చదివితేనే తెలుస్తుంది.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను కాల్చి చంపారు. ఆ ఘటనలో అలా కలిపి చదివింది సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ విచారణ కమిషన్. ఆధారాలు సేకరించడానికి తీసుకెళ్తే రెండు తుపాకులు లాక్కుని, రాళ్లు కర్రలతో దాడి చేసి పారిపోబోయారని పోలీసులు చెప్పారు. ఆ రోజు ఊరేగింపులు జరిగాయి, పోలీసుల మీద పూలు చల్లారు. ఆ యువ వైద్యురాలికి జరిగిన దారుణం మీద జనానికి ఉన్న కోపం నిజమైనది, న్యాయమైనది. 2022 మేలో బయటికి వచ్చిన నివేదిక తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మశక్యం కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని చెప్పింది. పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని సూచించింది. ఆ నలుగురే దోషులా కాదా అన్నది ఇక ఏ కోర్టూ సాక్ష్యాలు విని తేల్చలేదు. ఆ తల్లిదండ్రులకు దక్కాల్సిన తీర్పు కూడా ఆ పొలంలోనే ఆగిపోయింది.

తుపాకీ లాక్కోవడం జరగని పని కాదు, దాన్ని ముందే ఆపవచ్చు. నిందితుడికి చేయి తగిలేంత దూరంలో ఉండే కానిస్టేబుల్ దగ్గర తుపాకీ ఉండకూడదు. సాయుధులు వెనక, దూరంగా నిలబడాలి. పిస్టల్‌ను నడుముకు తాడుతో కట్టి, బటన్ ఉన్న ఒరలో పెట్టాలి. ఘోరమైన నేరాల్లో, పారిపోయిన చరిత్ర ఉన్నవాళ్ల విషయంలో బేడీలు వేయడానికి ఇప్పుడు 43(3) అనుమతిస్తోంది, ఎందుకు వేశారో రాసి పెట్టాలి. ఆధారాల సేకరణ పగటి వెలుగులో, పంచ సాక్షులతో, కెమెరా ఆపకుండా జరగాలి. చీకట్లో, ఊరి బయట, బేడీలు లేకుండా తీసుకెళ్లి, తర్వాత లాక్కున్నారు అంటే, ఆ లాక్కునే వీలు కల్పించిన అధికారి కూడా జవాబు చెప్పాలి.

మొత్తం స్మృతిని తిరగరాసినప్పుడు బేడీల నిబంధన కొత్తగా చేర్చారు గానీ, నాలుగో ఉపసెక్షన్ వాక్యాన్ని ముట్టుకోలేదు. దాన్ని ఇలా మార్చాలి: తప్పించుకునే వ్యక్తి వల్ల ఇతరులకు తక్షణ ప్రాణాపాయం ఉందని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, వేరే ఏ మార్గమూ సరిపోనప్పుడు తప్ప, వీలున్న చోట హెచ్చరించిన తర్వాత తప్ప, ప్రాణం తీసే బలం వాడకూడదు. ఇది పార్లమెంటు పని, ఆలస్యం కావచ్చు. కానీ ఎస్కార్ట్‌లో ఎవరి దగ్గర తుపాకీ ఉండాలి, కాల్పులు జరిగిన గంటలోపు ఆయుధాలు ఎవరు సీలు చేయాలి అన్నవి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. డీజీపీ సంతకంతో ఒక ఉత్తర్వు చాలు, హైదరాబాద్‌లో ఒకటి, మంగళగిరిలో ఒకటి.